పెద్దాయన పుట్టినరోజు

పక్షం మారితే తిథులు మారవా మరి, అంటే టైపిస్టమ్మ నవ్వలేదు, ఇరవై ఆరేళ్ళుగా ఈ సెక్షన్లో ప్రభుత్వ సెలవుల జాబితా రాస్తున్నాను, నా జోకులూ జాబితాలూ కలిసే పాతబడ్డాయి, ఒక పార్టీ చేర్చినవాడిని ఇంకో పార్టీ తీసేస్తుంది, మహానుభావులకి కూడా బదిలీలు తప్పవు, ఈసారి వేటు ఒకప్పుడు రాష్ట్రాన్నేలిన పెద్దాయన మీద, ఆయన పుట్టినరోజు పుట్టి మునిగింది, జయంతి అంటే జయం ఉన్నన్నాళ్ళే, అంతే, ఏవయ్యా మధ్యాహ్నానికల్లా ఫైలు పైకెళ్ళాలి అంటాడు సూపరింటెండెంటు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, వెళ్తుందండీ, ఎర్ర అంకెని నల్లగా చెయ్యడానికి ఎంతసేపు, అరగంట నుంచీ చూస్తున్నాను, ఆ ఒక్క వరుస కొట్టెయ్యడానికి చెయ్యి రావడం లేదు, మెడ లాగేస్తోంది, ఈ రోడ్లన్నీ వేసింది ఆయనే కదండీ పాపం అంటుంది టైపిస్టమ్మ, వేశాడమ్మా, పోలీసు జీపులు రావడానికి.

ఆ జీపుల్లో ఒకదాన్లోనే నాన్నని ఎక్కించారు, నాకప్పుడు ఏడాది, అక్కకి ఆరేళ్ళు, ఒక్క చెప్పుతోనే వెళ్ళాడంటుంది, రెండోది మంచం కింద ఉండిపోయిందట, ఏ రోజో మాత్రం అక్కకి గుర్తులేదు, అమ్మని అడిగితే ఆయనొస్తాడు నోర్ముయ్యండి అనేది, పోయేదాకా అదే మాట, అందుకని పెద్దాయన పుట్టినరోజుకి ఊరంతా మూసే రోజు చూసుకుని అక్క తన కుట్టుమిషనూ మూసేది, మైకుల్లో జోహార్లు వినబడకుండా కిటికీలేసి, నన్ను ఎదురుగా కూచోబెట్టి, పెద్దాయన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేది, ఆ తిట్ల సందుల్లోంచి నాన్న కాస్త కాస్త వచ్చి వెళ్ళేవాడు, ఈల వేస్తూ గడ్డం గీసుకునేవాడనీ, పుల్లటిది తింటే ఒక కన్నే మూసేవాడనీ, తిథి లేనివాడు కాబట్టి అతిథి, శత్రువు పుట్టినరోజుకి చుట్టపుచూపుగా వస్తున్నాడు అని ఒకసారి జోకేస్తే అక్క రెండు రోజులు మాట్లాడలేదు.

సంతోషిస్తుందని ఫోను చేశాను, అక్కా, పెద్దాయన్ని పీకేశాం, ఇక ఆ సెలవు లేదు, అవతల మిషను చప్పుడు ఆగింది, మరి నాన్న రోజెప్పుడురా చిన్నోడా, అంది, ఇంకో రోజు చూసుకుందాంలే, ఏ రోజు, ఏదో ఒకటి, ఏదో ఒకటేంట్రా, లోకానికంతా తేదీలు రాసేవాడివి, నాన్నకొకటి రాయలేవా, రాస్తాను, దానికేం, ఏడాదికి పన్నెండు నెలలున్నాయి, తెల్లకాగితం లాక్కున్నాను, మూడో నెల, తొమ్మిదో నెల, ఎక్కడ కలం ఆనించినా నాన్న అక్కడే కూలిపోయేలా ఉన్నాడు, చెయ్యి వెనక్కొస్తోంది, తిరిగొచ్చేవాడికి ఇలాంటి తేదీ ఎవరూ వెయ్యరు, ఇన్నాళ్ళూ ఎదురుచూసే పిచ్చి అమ్మదే అనుకున్నాను, యాభై దాటినా వీధి తలుపు చప్పుడైతే ముందు లేచేది నేనే, పెద్దాయన్ని తిట్టడానికే కూచునేవాళ్ళం, ఏడవడానికి ఒక్కసారీ కూచోలేదు, ఫోను పెట్టెయ్యలేదు అక్క, మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అనని మాట అనేశాను, అక్కా, నాన్న పోయాడే.