మొంజియా నింపిన డబ్బా

రంజాన్‌కు పది రోజుల ముందు మా గాబెస్ పట్నం ఆస్పత్రిలో డాక్టర్ హయాత్ మాకొక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది. ఒక పగలూ రాత్రీ వచ్చే మూత్రమంతా అందులో పట్టి తెమ్మంది. నా భార్య మొంజియాకు కాళ్ళు వాచి అప్పటికి నెలయింది.

"మూత్రం బాగా తగ్గిందంటే కిడ్నీలు చేతులెత్తేస్తున్నట్టే. అప్పుడు ఒక్క ఉపవాసం కూడా కుదరదమ్మా" అంది.

దారిలో మొంజియా గొణిగింది. "ఉపవాసంలో చోర్బా సూపు వండుతూ ఉప్పు కూడా రుచి చూడనిదాన్ని నేను. దొంగచాటుగా అంజూరాలు తినేది నువ్వు. మానమనేది నన్నా?"

"నా అంజూరాల సంగతి డాక్టరుకు చెప్పకు" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి డబ్బా అడుగైనా నిండలేదు. ముదురు టీ రంగు, పైన నురగ. సాయంత్రం వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయాను. మొంజియా కూజాలోని నీళ్ళు డబ్బాలోకి వంచుతోంది. సగం దాటాక కిటికీ వెలుతురులో ఎత్తి చూసుకుని, పరీక్ష పాసైన పిల్లలా నవ్వుకుంది. నెల రోజులుగా ఆ నవ్వు చూడలేదు. కాలేజీలో రసాయన శాస్త్రం చదివినవాణ్ణి, చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను.

ఆస్పత్రిలో డబ్బా చూసి కొలత బాగానే ఉందన్నారు. మిగతా పరీక్షల ఫలితాలు రావడానికి వారాలు పడతాయన్నారు. మొంజియా ఆరు ఉపవాసాలు ఉంది. ఏడో రోజు మూత్రం బొత్తిగా ఆగిపోయింది. ఒళ్ళంతా వాపుతో ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

డాక్టర్ కాగితాలు పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. "ఆ డబ్బాలో సగానికి పైగా నీళ్ళే. ఎవరు కలిపారు?"

మొంజియా కళ్ళు మూసుకుంది.

"నేనే" అన్నాను. "ఉపవాసం లేకపోతే బెంగపెట్టుకుంటుందని."

"చదువుకున్నవారు మీరు."

"అవునమ్మా."

ఆమె వెళ్ళాక మొంజియా కళ్ళు తెరిచింది. "రంజాన్ నెలలో అబద్ధమాడావు. నీ ఉపవాసం చెడింది."

"అంజూరాలతో చెడినవాటికి ఇదొకటి తోడు."

నవ్వబోయి ఆగింది. "ఆ రోజు చూశావా?"

"చూశాను."

నా చెయ్యి అందుకుంది. తర్వాత మెల్లగా, "అప్పుడే నన్ను ఆపొచ్చు కదయ్యా" అంది.

ఆ మాటలో కోపం లేదు. నా చెయ్యి పట్టుకునే అంది. ఇంకో నాలుగు రోజులు బతికింది. ఆ నాలుగు రోజులూ చెయ్యి వదల్లేదు.