స్టవ్ పైన ఖాళీ

"మళ్ళీ పట్టలేదండోయ్!"

ఫిట్టర్ కేక వీధి మలుపు దాకా వినబడింది. కొత్త ఉద్యోగానికి యూనిఫాం కుట్టించుకుని వస్తున్న కోడలు అక్కడే ఆగి నెత్తి కొట్టుకుంది. ఇది మూడో మైక్రోవేవ్ మరి!

పాతది పదకొండేళ్ళు పనిచేసి పోయింది. స్టవ్ పైన, రెండు అల్మరాల మధ్య బిగించిన పెట్టె అది. ఊడదీస్తే మిగిలిన ఖాళీ ముప్పై అంగుళాలు. కొత్తది తెచ్చేసరికి ఇరవై ఎనిమిది. ఇంకా చిన్నది తెస్తే, అప్పటికి ఇరవై ఆరు కూడా లేదు. ఇందులో వింతేమీ లేదు లెండి. ఆ ఇంట్లో ఎవరు "తర్వాత తింటాలే" అన్నా ఆ ఖాళీ వేలెడు దగ్గరపడుతుంది, అంతే. అనడం మానేయొచ్చుగా అంటారా? మానితే కదా!

రేపటి నుంచి కోడలికి బస్ స్టేషన్ టికెట్ కౌంటర్‌లో సాయంత్రం డ్యూటీ. మైక్రోవేవ్ బిగిస్తేనే చేరడమని భర్త తేల్చేశాడు. ఆయనా, మామగారూ, కూతురూ తినేది తలా ఒక వేళకి. పాతది పోయిన ఈ పందొమ్మిది రోజులూ ముగ్గురికీ మూడుసార్లు వేడిచేసి పెట్టి, చల్లారింది తను తింటోంది.

వంటింట్లో ఫిట్టర్ కొత్త మైక్రోవేవ్ పెట్టె మీదే చతికిలబడి ఉన్నాడు.

"ఏమ్మా, పొద్దున కొలిస్తే ఇరవై నాలుగు. ఇప్పుడు ఇరవై రెండు! మధ్యలో ఎవరు నోరు జారారు?"

"నేను ఒక్కసారే అన్నానయ్యా," అన్నారు మామగారు హాల్లోంచి. "మనవరాల్ని అడుగు."

"తాతయ్యా! నాన్న సంగతి చెప్పవేం?"

"నేనన్నది ఫోన్లో. అది లెక్కలోకి రాదు," అన్నాడు భర్త.

"గోడకి ఆ తేడాలు తెలియవు సార్!"

"సరేలే, ఇంకా చిన్నది తెప్పిద్దాం. ఉద్యోగం వచ్చే నెల చూసుకోవచ్చు," అన్నాడు భర్త.

కోడలు యూనిఫాం కవరు కొక్కేనికి తగిలించి, వండినదంతా ఒక్కసారే వేడిచేసి టేబుల్ మీద పెట్టింది.

"రండి, భోంచేద్దాం."

"తర్వాత తింటాలే," అన్నాడు భర్త.

"నేనూ తర్వాతే," అన్నారు మామగారు.

"తర్వాత, అమ్మా!"

ఈసారి గోడ వేలెడు వేలెడు జరగలేదు. దానికీ విసుగొచ్చినట్టుంది. అల్మరాలు రెండూ టక్కున అతుక్కుపోయాయి. ఫిట్టర్ కొలవబోయి, కొలవడానికేమీ లేక టేపు జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడు దీన్ని నా నెత్తిన బిగించుకోనా?"

కోడలు స్టవ్ కట్టేసింది.

"వేడిచేసే పెట్టెకి ఇక చోటు లేదు. రేపు ఈ వేళకి నేను కౌంటర్‌లో ఉంటాను. తినేవాళ్ళు ఇప్పుడే తినండి."

కుర్చీ లాక్కుని ముందు తనకే వడ్డించుకుంది. పందొమ్మిది రోజుల తర్వాత అన్నం ఆవిరి మొహానికి తగిలింది.

భర్త గోడకేసి చూశాడు. కంచంకేసి చూశాడు.

"డ్యూటీ ఎన్నింటికి?"

"ఐదున్నరకి."

"అయితే రేపు నాలుగున్నరకే కూర్చోవాలన్నమాట," అని గొణుక్కుంటూ కూర్చున్నాడు. మామగారు వచ్చారు. కూతురూ వచ్చింది, మూతి ముడుచుకునే.

"నేను వస్తానమ్మా," అని ఫిట్టర్ లేచాడు.

"తిని వెళ్ళవయ్యా," అంది కోడలు.

"ఎందుకులెండి, నేను తర్వాత తిం..."

"అనకు!" అని నలుగురూ ఒక్కసారే అరిచారు. అల్మరాలు అయిపోయాయి, ఇక జరగడానికి మిగిలింది ఇంటి గోడలే మరి.

కుర్చీలు నాలుగే. ఫిట్టర్ మైక్రోవేవ్ పెట్టెని టేబుల్ దగ్గరికి జరుపుకుని, దాని మీదే కూర్చుని కంచం ముందుకి లాక్కున్నాడు.