షెడ్డుకు రాని బండి

బస్సుల డిపోలో ముప్ఫై ఒక్క ఏళ్ళు డీజిల్ ఇంజన్లు విప్పి బిగించిన మనిషి ఆమె. ఏ సిలిండరులో నాజిల్ డీజిల్‌ను సరిగ్గా చిమ్మడం లేదో చప్పుడు విని చెప్పేసేది. అందుకని డిపోలో నాజిలక్క అని పేరు పెట్టారు. ఉద్యోగం నుంచి దిగి రెండేళ్ళయినా ఆ పేరు మాత్రం దిగలేదు. ఇంటి పక్కవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు.

ఆమె తమ్ముడికి ఎనిమిదెకరాల నిమ్మతోట ఉంది. చెట్ల వరసల మధ్య పెద్ద ట్రాక్టరు దూరదు. దూరితే కొమ్మలు మిగలవు. కాబట్టి చిన్న ట్రాక్టరు కొందామనుకున్నాడు. కొంటానని చెప్పుకు తిరగడం అతని వంతు, ఏది కొనాలో చెప్పడం అక్క వంతు. నడపడం మాత్రం అతని భార్య వంతు, ఎందుకంటే అతనికీ క్లచ్చుకీ మొదటినుంచీ పడదు.

“రెండు చూసి పెట్టానక్కా. పసుపుది రెండు సిలిండర్లు. బూడిద రంగుది మూడు. బూడిదది స్టార్ట్ చేస్తే అసలు నడుస్తోందా లేదా అన్నట్టుంది, అంత మెత్తన!”

“మెత్తగా ఉంటే గట్టి ఇంజనని ఎవడు చెప్పాడ్రా నీకు?”

“అమ్మేవాడు.”

“ఆహా. వాడు కాక ఇంకెవడు చెప్తాడులే.”

షోరూము మాటల మీద నాజిలక్కకు నమ్మకం లేదు. ఇంజను గుట్టు తెలియాలంటే షెడ్డుకే వెళ్ళాలి. డిపోలో ఆమె దగ్గర పని నేర్చుకున్న మెకానిక్ ఒకడు ఇప్పుడు సొంతంగా ట్రాక్టర్ల షెడ్డు పెట్టుకున్నాడు. నలభై దాటిన మనిషి, ఆమెను చూడగానే చేతిలో స్పానరు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. ఏ బండి వచ్చినా ఏం పోయి వచ్చిందో షెడ్డు లోపలి గోడ మీద సుద్దముక్కతో రాయడం అతని అలవాటు. అదీ ఆమె నేర్పిందే.

నాజిలక్క కళ్ళజోడు సవరించుకుని గోడంతా చదివింది. ఏడాదిలో పసుపువి ఇరవై మూడు సార్లు వచ్చాయి. హెడ్ గ్యాస్కెట్లు, నీళ్ళ పంపులు, రెండు క్లచ్చులు, ఒక పిస్టన్. బూడిదవి రెండంటే రెండే. ఒకటి లైటు పగిలి, ఇంకొకటి టైరు చీలి. ఇంజను పని ఒక్కటీ లేదు.

“ఇంజన్ వరకు బూడిదది బానే కట్టారక్కా,” అన్నాడు మెకానిక్. “నేను ఇంతవరకు హెడ్ విప్పి చూడలేదు.”

ఇంకేం కావాలి? ఆ సాయంత్రమే తమ్ముడికి చెప్పేసింది, బూడిదదే తీసుకోమని. అక్క మాటంటే అతనికి కొండంత ధీమా. మర్నాటికల్లా ఎరువుల కొట్టు మొదలు మంగలి షాపు దాకా టాంటాం వేసి వచ్చాడు. “మా అక్క తేల్చేసింది” అన్న మాటను ఎన్నిచోట్ల అన్నాడో అతనికే లెక్క లేదు.

మూడోరోజు మధ్యాహ్నం ముగ్గురూ భోజనాలకు కూర్చున్నారు. మరదలు మజ్జిగ పోస్తూ అడిగింది.

“వదినా, ఏడాదికి రెండుసార్లేనా వచ్చింది ఆ బూడిదది? అసలవి ఇటువైపు ఎన్నున్నాయి?”

నాజిలక్క చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆ మాట ఆమె మెకానిక్‌ను అడగలేదు.

“రోజూ తోటకు వెళ్ళొస్తాను కదా, పసుపువి దారంతా కనబడతాయి. బూడిదది ఒక్కటైనా పొలంలో తిరుగుతుంటే నేను చూడలేదు,” అంది మరదలు.

“ఇంజన్ల సంగతి నీకేం తెలుసే?” అని తమ్ముడు నవ్వాడు.

“ఇంజన్ల సంగతి కాదండీ. నేను దారి సంగతి చెబుతున్నా.”

తమ్ముడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నాజిలక్కకు మాత్రం నవ్వు రాలేదు. డిపోలో ఎన్నోసార్లు పై అధికార్లకు తనే చెప్పేది, బస్సు గ్యారేజీకి రాలేదంటే బాగున్నట్టు కాదు, ఎక్కడో దారిలో ఆగి ఉండొచ్చని. అలాంటిది తనే గోడ చూసి బోల్తా పడిందా? చెయ్యి కడుక్కుని చెప్పులేసుకుంది.

“ఏమే మరదలా, స్కూటర్ తియ్యి.”

ముందు షోరూముకు వెళ్ళారు. బూడిద బండి కొన్నవాళ్ళ ఫోన్ నంబర్లు కావాలంటే అమ్మేవాడు మొహమంతా నవ్వు చేసుకుని ఇచ్చాడు. మొత్తం పదకొండు. “అందరూ మెచ్చుకునేవాళ్ళే మేడం, అడిగి చూడండి,” అన్నాడు. అతను అబద్ధమేమీ చెప్పలేదు.

మొదటి ఇద్దరూ నిజంగానే మెచ్చుకున్నారు. ఒకాయన బండి ఆరువందల గంటలు తిరిగింది. నాజిలక్క ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టి చూసింది. పొగ లేదు, గాలి తన్నడం లేదు. అంటే లోపల పిస్టన్ రింగులు కొత్తవాటిలా ఉన్నాయన్నమాట. తన మాట నిలబడిందనిపించి ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది.

మూడోది కూరగాయలు పండించే ఒక పెద్దమనిషిది. ఆయన వాళ్ళను పాక వెనక్కి తీసుకెళ్ళి టార్పాలిన్ ఎత్తాడు. బండి బానెట్ మీద ఉల్లిపాయల బస్తాలు పేర్చి ఉన్నాయి. సీటు మీద దుమ్ము వేలెడు మందం.

“ఇంజను బంగారమమ్మా, వంక పెట్టడానికి లేదు,” అన్నాడాయన.

“మరి బస్తాలు మోయిస్తున్నారేం దీనిచేత?”

“డీజిల్ పంపులో చిన్న ముక్క విరిగింది. ఎనిమిది నెలలైంది. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అంటున్నారు.”

“షెడ్డుకు తీసుకెళ్ళలేదా?”

“ఫోన్ చేశా. ముక్క లేకుండా నువ్వు తెచ్చి మాత్రం నేనేం చేసేది, చోటు దండగ అన్నాడు షెడ్డు మెకానిక్. నిజమే కదా, వాణ్ణేమనుకుంటాం?”

నాజిలక్క వంగి పంపు చూసింది. విరిగిన ముక్కను ఆయన కాగితంలో చుట్టి దాచి ఉంచాడు. గోటి కన్నా కొంచెం పెద్దది. అలాంటిదాన్ని లేతు మిషను మీద చేయించవచ్చేమోనని అటూ ఇటూ తిప్పి చూసింది కానీ, అంత సన్నని కొలత చేతిపనికి లొంగదని ఆమెకు తెలుసు. నిక్షేపంలాంటి ఇంజను ఉల్లిపాయల కింద కూర్చుందనుకుంటూ ముక్కను మళ్ళీ కాగితంలో చుట్టి ఇచ్చేసింది.

మిగతా ఎనిమిది మందినీ ఆ రోజూ మర్నాడూ చూసి వచ్చారు. పదకొండింటిలో నాలుగు కదలని బళ్ళే. అన్నిటికీ అదే పంపు. ఒక్కటీ సుద్దముక్క మొహం చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు షెడ్డు దగ్గర ఆగి, పసుపువి ఎన్నుంటాయని మెకానిక్‌ను అడిగింది.

“తొంభై దాకా ఉంటాయక్కా.”

“వస్తే ఎన్నాళ్ళుంటాయి నీ దగ్గర?”

“సామాను పక్క కొట్లోనే దొరుకుతుంది. పొద్దున వస్తే సాయంత్రం, లేదా మర్నాడు. పిస్టన్ పోయినది ఒక్కటే వారం ఉంది.”

ఫోన్లో చోటు దండగ అన్న సంగతి ఆమె ఎత్తలేదు. అతనే గుర్తు తెచ్చుకుని తల గోక్కున్నాడు.

ఇంటికొచ్చి తమ్ముణ్ణి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఇంజను గురించి అన్న మాట ఆమె వెనక్కి తీసుకున్న పాపాన పోలేదు.

“నేను తప్పు చెప్పాన్రా. పసుపుదే తీసుకో.”

అతని మొహం వెలవెలబోయింది. “అదేంటక్కా! అందరికీ చెప్పేశాను!”

“అందరూ వచ్చి నడపరు కదా. నడిపేది నీ పెళ్ళాం.”

“అంటే బూడిదది మంచిది కాదా?”

“మంచిదే. పసుపుదానికన్నా మంచిదే. కానీ పాడైందా, అంతే, కూర్చుంటుంది. పసుపుది అప్పుడప్పుడూ అలుగుతుంది, ఒక్కరోజులో మాట వింటుంది. నీ తోటలో గడ్డి ఎనిమిది నెలలు ఆగుతుందా? నేను ఎన్నిసార్లు చెడిందో చూశాను. ఎన్నాళ్ళు పడుకుందో చూడలేదు. అది అడిగింది నీ భార్య.”

తమ్ముడు భార్య వైపు చూశాడు. ఆమె చిక్కుళ్ళ ఈనెలు తీస్తూ తల ఎత్తలేదు, నవ్వు రాకుండా పెదవులు మాత్రం బిగబట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే, షోరూము తలుపు తీసే వేళకే వెళ్ళారు. నాజిలక్క ముందు సైలెన్సరు మీద చెయ్యి వేసి, చల్లగా ఉందని నిర్ధారించుకున్నాకే సెల్ఫ్ కొట్టమంది. వేడి ఇంజను ఎవరికైనా స్టార్ట్ అవుతుంది. పసుపుది రెండు దగ్గులు దగ్గి, వణుకుతూ అందుకుంది. తమ్ముడు ఆ చప్పుడుకు మొహం చిట్లించాడు. మరదలు ఎక్కి ఆవరణలో రెండు చుట్లు తిప్పి, వెనక్కి నడిపి, గోడకు జానెడు దూరంలో ఆపింది.

“చేతులు జివ్వుమంటున్నాయి వదినా. కానీ ఇరుకులో బాగా తిరుగుతోంది.”

“ఆ వణుకు రెండు సిలిండర్లకు పుట్టుకతో వచ్చింది. స్టీరింగుకు మెత్తని తొడుగు వేయిస్తాలే.”

అదే కొన్నారు. ఎరువుల కొట్టులో మాత్రం తమ్ముడు, బూడిద రంగు తన తోట చెట్లకు నప్పలేదని చెప్పుకున్నాడట.

నాలుగో నెలలో పసుపుదానికి హెడ్ గ్యాస్కెట్ పోయింది. పొద్దున షెడ్డుకు వెళ్ళిన బండి మర్నాడు మధ్యాహ్నానికి తోట గేటు ముందుకు వచ్చి నిలబడింది. సీట్లో మరదలు, వెనక గడ్డికోత యంత్రం. నాజిలక్క మడ్‌గార్డ్ మీద కూర్చుని ఉంది.

“చూశావా అక్కా, నాలుగు నెలలకే! అదే బూడిదది అయ్యుంటే...” అని మొదలుపెట్టాడు తమ్ముడు.

“కబుర్లు తర్వాత, ముందు గేటు తియ్యండి,” అంది భార్య. “ఇంకా ఆరు వరసలున్నాయి.”

అతను గేటు తీశాడు.