ఇంకొంచెం ట్రెబుల్

జగదీశన్‌కు చెవులు పోయాయని మొదట కనిపెట్టింది మోనిష.

ఆయనకు పగలు రాజపాళయం నూలు మిల్లులో పని, సాయంత్రాలు నరసింహన్ ఆర్కెస్ట్రాలో గిటారు. ఆ యంత్రాల రొద సన్నని స్వరాలన్నింటినీ ఆయన చెవిలోంచి తినేసింది. ఆ సంగతి ఆయనకే తెలియదు. ఆంప్లిఫయరే మొద్దుబారిందనుకుని, సన్నని స్వరాలకు పదునుపెట్టే ట్రెబుల్ నాబును కాస్త కాస్త పెంచుకుంటూ పోయాడు.

మోనిషకు గిటారు నేర్పింది ఆయనే. గెయిన్ తగ్గిస్తే తీగ శుభ్రంగా పలుకుతుందనీ, పెంచేకొద్దీ గరగరలాడుతుందనీ, అందులో చెవిని గుచ్చే పదునుంటే ట్రెబుల్ తగ్గించి వడకట్టాలనీ చెప్పింది ఆయనే. కానీ తళవాయిపురం కచేరీలో ఆమెకు మొదటిసారి ఒంటరిగా వాయించే అవకాశం వస్తే, మధ్యలో వాల్యూమ్ తగ్గించేసి మైకులో నవ్వుతూ అన్నాడు:

"ఆడపిల్ల చేయి కదా, తీగ నొక్కే బలం చాలలేదు."

జనం నవ్వారు. ముందు వరసలో కూర్చున్న ఆమె నాన్న కూడా నవ్వాడు.

ఆ తర్వాత వచ్చింది ఒక పెళ్లి రిసెప్షన్. జనం రాకముందే జగదీశన్ తీగలు మీటి చూసుకుంటూ ఆమెను పిలిచాడు.

"పాపా, నాకేమో మందంగా ఉండాది. వెనక పోయి విను, సత్తం సరిగా వస్తా ఉందా?"

మోనిష మండపం చివరికి వెళ్లి నిలబడింది. అంత దూరంలోనూ పళ్లు జివ్వుమన్నాయి. కుర్చీలు వేస్తున్నవాడు మొహం చిట్లించాడు.

"ఇంకొంచెం ట్రెబుల్ పెట్టండి మామా. గెయిన్ కూడా."

"చాలునా?"

"ఇంకా."

ఆయన తిప్పాడు. శిష్యురాలి చెవిమీద ఆయనకు అంత నమ్మకం.

మొదటి పాటకే చంటిపిల్లలు గుక్కపెట్టారు. ఆడవాళ్లు కొంగులతో చెవులు మూసుకున్నారు. జగదీశన్ మాత్రం కళ్లు మూసుకుని, జన్మలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదన్నట్టు తల ఊపుతూ వాయిస్తున్నాడు. పెళ్లికూతురే చేయెత్తి ఆపమంది. నరసింహన్ వేదికెక్కి వైరు పీకేశాడు.

"ఏమయ్యా, గిటారా ఇది, రంపమా? దిగు."

జగదీశన్ బిత్తరపోయి మోనిష వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు పాపా, సరిగానే పెట్టినాను కదా?"

మోనిష ఆయన వైపు చూడలేదు. "నేను తగ్గించమనే చెప్పినాను సార్," అంది నరసింహన్‌తో. "మామ వినలేదు."

జగదీశన్ దిగిపోయిన కుర్చీలో ఆమె కూర్చుంది. ట్రెబుల్ కోసి, గెయిన్ సగానికి దించి, నడిమి స్వరాల మిడ్ పెంచింది. తీగ తేనెలా సాగింది. మండపమంతా చప్పట్లు.

వారం తర్వాత జగదీశన్ రిహార్సల్ గదికి వచ్చాడు. చెవులు పోయాయని డాక్టరు చూసి చెప్పేశాడట. గడప దగ్గరే నిలబడ్డాడు.

"నీకు ముందే తెలుసునా?"

"ఆ పెళ్లికి ముందే, ఆడి నెలనుంచే తెలుసు మామా."

ఆయన కోప్పడలేదు. అదే ఆమెకు వింతగా తోచింది. ఆంప్లిఫయర్ వైపు వేలు చూపించాడు.

"ఎంత పెట్టల్లో నువ్వే ఆ నాబులమీద సుద్దతో గీత గీసి ఇయ్యి. ఆ గీత దాటను. చెవి పోయినా చేయి పోలేదు పాపా."

నిమిషం పని. సుద్దముక్క కిటికీలోనే ఉంది.

"నాకు టైము లేదు మామా," అంది మోనిష. ఆయన మెట్లు దిగేదాకా కూడా ఆగకుండా ఆంప్లిఫయర్ స్విచ్ వేసింది.