అంతమ్మ అడ్డం పట్టిన చీర

మొయినాబాద్ పక్కన హిమాయత్‌నగర్ అనే పల్లెలో తెల్లారకముందే లేచి పనికి బయల్దేరే ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. పూలతోటలకు, ఫామ్‌హౌస్‌లకు కూలికి పోయేవాళ్లు మొయినాబాద్ రోడ్డు మీద షేర్ ఆటో కోసం నిలబడి, నీళ్లు తాగుతూ, నవ్వుకుంటూ ఉంటారు. వాళ్ల పక్కనే తెల్ల యూనిఫాంలో కృపాజ్యోతి నిలబడుతుంది. ఆమె సంచిలోనూ నీళ్ల సీసా ఉంటుంది గానీ, సాయంత్రం ఇంటికి తిరిగొచ్చేదాకా దాని మూత తీయదు.

ఆమె గూడ్సు బండి గార్డు. రైల్వేవాళ్లు ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఊళ్లో మాత్రం అందరికీ గార్డు మేడమే. బండికి చిట్టచివర తగిలించే చిన్న ఇనుప గదిలో, బ్రేక్ వ్యాన్‌లో, ఒంటరిగా ఆమె ప్రయాణం. లోపల కూర్చోవడానికి బల్ల ఉంటుంది. ఎండకు కాలిపోయే గోడలు ఉంటాయి. బాత్రూం ఉండదు. మగ గార్డులు దిగి పట్టాల పక్కకు పోయి వస్తారు. కృపాజ్యోతి నీళ్లు మానేసింది.

ఉద్యోగంలో చేరి పది నెలలయింది. ఈ పది నెలల్లో రెండుసార్లు చేవెళ్ల దవాఖానకు పోయింది. రెండోసారి డాక్టరమ్మ కాగితం మీద మందు రాయడం ఆపి, "నీళ్లు తాగకపోతే ఈ గోళీలన్నీ దండగనే" అంది. తల్లి విమలమ్మ అప్పటినుంచి రోజూ సీసా నింపి సంచిలో పెడుతూనే ఉంది, కృపాజ్యోతి నిండుసీసాను నిండుగానే తెస్తూ ఉంది.

ఒకసారి ధైర్యం చేసి, తమ లైన్ మీద పనిచేసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగింది. బండిని ఎక్కడైనా ఎక్కువసేపు ఆపేటట్టుంటే ముందే చెప్పమని, చెప్తే స్టేషన్ దాకా నడిచి వెళ్లొస్తానని. ఎందుకో రాయలేదు. రాయకపోయినా అందరికీ అర్థమయింది. "మేడమ్‌కు ఏసీ రూమ్ బుక్ చెయ్యున్రి" అని ఎవరో పెట్టారు. దాని కింద వరసగా నవ్వే బొమ్మలు. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు.

అదే గ్రూపులో అంతకుముందు ఒక ఫొటో వచ్చింది. అది ఆమె చేరిన మొదటి నెల. ఖాళీ వ్యాగన్‌లో ఒక మనిషి కూర్చుని ఉన్నాడని కృపాజ్యోతి స్టేషన్‌కు చెప్పింది. రూల్ అంతే, గూడ్సు బండి ఎక్కడం నేరం, చూసినవాళ్లు చెప్పాలి. రైల్వే పోలీసులు వచ్చి ఆ మనిషిని దింపారు. ప్లాట్‌ఫారం మీద చెవులు పట్టించి గుంజీలు తీయించి ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. ఆయనకు యాభై ఏళ్లుంటాయి. కాళ్లకు చెప్పుల్లేవు. ఆ రోజు కూడా నవ్వే బొమ్మలే. ఆమె బండి ఇంజను నడిపే లోకో పైలట్ జ్ఞానేశ్వర్ "గుడ్ క్యాచ్ మేడమ్" అని రాశాడు. కృపాజ్యోతి బొటనవేలు బొమ్మ పెట్టి ఫోను మూసేసింది. ఆ పూట అన్నం సయించలేదు.

మే నెలలో ఒకరోజు, ఖాళీ వ్యాగన్లతో తాండూరు వైపు పోతున్న ఆమె బండిని శంకర్‌పల్లి దాటాక ఒక చిన్న స్టేషన్‌లో లూప్ లైన్‌లోకి తీసుకున్నారు. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోంది, దానికి దారి ఇవ్వాలి. పొద్దున పదకొండు దాటింది. ఇంజను స్టేషన్ ముందర, బ్రేక్ వ్యాన్ ఎక్కడో అరకిలోమీటరు వెనక. ఒకవైపు మెయిన్ లైన్, రెండోవైపు దున్ని వదిలేసిన చేలు. చాటుకు ఒక తుమ్మచెట్టు కూడా లేదు. చేల గట్టు మీది బాట వెంట ట్రాక్టర్లు, బైకులు పోతూనే ఉన్నాయి.

పొద్దుటినుంచి ఆమెకు పొత్తికడుపులో నొప్పిగా ఉంది. వాకీటాకీ తీసింది.

"సార్, ఎంతసేపు ఆపుతరట?"

"ఎవలకు తెల్సు మేడమ్," అన్నాడు జ్ఞానేశ్వర్. "ఐదు నిమిషాలైతది, గంటైతది. మన గూడ్సోళ్లకు టైం చెప్తరా ఎవలన్న?"

స్టేషన్ దాకా పోయి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఈలోపల బండి కదిలితే ఉద్యోగం మీదికొస్తుంది. కృపాజ్యోతి కిందికి దిగి, మెట్ల కడ్డీ పట్టుకుని నిలబడింది.

"బిడ్డా, బండి ఇప్పుడే పోతదా?"

తలెత్తి చూసింది. ముందరి వ్యాగన్ అంచు మీదినుంచి ఒక ఆడమనిషి తొంగి చూస్తోంది. తలకు తువ్వాల చుట్టుకుంది. ముఖమంతా బొగ్గు మసి.

"దిగు అవ్వా, ముందుగాల దిగు" అంది కృపాజ్యోతి. "అట్ల ఎక్కుతరా? పైన కరెంటు తీగెలున్నయి."

ఆమె ఇనుప మెట్ల మీదుగా, పనిచేసిన చేతుల ఒడుపుతో దిగింది. భుజానికి ఒక గుడ్డసంచి. పేరు అంతమ్మ అని, ఊరు చేవెళ్ల దగ్గరి ముడిమ్యాల అని అడగకముందే చెప్పింది.

"నా బిడ్డ వనితకు ఆడపిల్ల పుట్టింది, పదకొండు దినాలు. రెండో కాన్పు గద, అత్తగారింట్లనే ఉన్నది. అత్త చచ్చిపోయింది, నీళ్లు పోసెటోళ్లు లేరు. ముందటి స్టేషన్ పక్కనే వాళ్ల ఊరు. ఎనకట ప్యాసింజర్ ఆగుతుండె, కరోనా అయినంక ఆపుతలేరు. బస్సుల పోతే రెండు మారాలె, పోయేసరికి పొద్దుగూకుతది. పసిపిల్లకు మాపటీలి నీళ్లు పోస్తరా చెప్పు?"

"గందుకని గూడ్స్ ఎక్కుతవా?"

"ఇది మూడోసారి. ఇక్కడ ఆగినప్పుడు ఎక్కిన. అక్కడ కూడ ఇట్లనే ఆగుతది, దిగిపోత." అంతమ్మ ఆమె చేతిలోని వాకీటాకీ వైపు చూసింది. "చెప్తవా?"

కృపాజ్యోతి చెప్పాలనే అనుకుంది. బొత్తాం మీద వేలు పెట్టింది. అంతలో కడుపులో పోటు వచ్చి, ఒక్కసారిగా ముందుకు వంగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతమ్మ గబుక్కున వచ్చి రెక్క పట్టుకుంది. చుట్టూ చూసింది. ఇనుప గదినీ, చేలనీ, బాట మీద పోతున్న ట్రాక్టర్‌నీ చూసింది. ఇంకేమీ అడగనక్కర లేకపోయింది.

"ఒంటికి పోవాల్నా?"

కృపాజ్యోతి తల ఊపింది.

"ఎప్పటిసంది ఆపుకున్నవ్?"

"పొద్దున ఐదింటిసంది."

"సచ్చిపోతవ్ బిడ్డా. నాటుకు పోయినోళ్లం, కలుపుకు పోయినోళ్లం, మాకు దెల్వదా ఈ బాధ?"

గుడ్డసంచి విప్పింది. అందులో పసిపిల్లకు పొత్తిగుడ్డల కోసం తెచ్చిన పాత నూలు చీరలున్నాయి, ఉతికి ఉతికి మెత్తబడ్డవి. ఒకటి తీసి దులిపి, ఒక కొసను బ్రేక్ వ్యాన్ కడ్డీకి ముడేసింది. రెండో కొస తన చేత్తో పట్టుకుని, చెయ్యి బారచాపి, బాట వైపు ముఖం పెట్టి నిలబడింది.

"కూసో. నేనున్న. నిమ్మళంగ పో, ఫికర్ చెయ్యకు."

బాట మీద ఒక బైకు నెమ్మదయింది. అంతమ్మ బైకువాడి వైపు చూసి, "ఏం జూస్తున్నవ్, నీ తొవ్వ నువ్వు పో" అని గదిమింది. బైకు వెళ్లిపోయింది.

చీర చాటున కృపాజ్యోతి ఏడ్చింది. నొప్పికో, నొప్పి తగ్గినందుకో ఆమెకే తెలియలేదు.

తర్వాత ఇద్దరూ బ్రేక్ వ్యాన్ నీడలో కంకర మీద కూర్చున్నారు. అంతమ్మ ఆమె సంచిలోంచి నీళ్ల సీసా తనే తీసి, మూత విప్పి చేతికిచ్చింది. "ఇప్పుడు తాగు. సగం తాగు. మళ్లొస్తె మళ్ల చీర అడ్డం పడ్త, గంతే గద." కృపాజ్యోతి సగం కాదు, సీసా మొత్తం తాగింది. చాలా రోజులకు నీళ్లు తియ్యగా అనిపించాయి.

"మీ అమ్మ ఉన్నదా?"

"ఉన్నది."

"ఆమెకు చెప్పినవా ఈ తిప్పలు?"

"చెప్తే నౌకరి వద్దంటది."

అంతమ్మ దగ్గరికి జరిగింది. ఆమె వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ కూర్చుంది.

వాకీటాకీ గరగరలాడింది. "మేడమ్," జ్ఞానేశ్వర్ గొంతు. "మీ దిక్కు వ్యాగన్ల ఎవలో ఎక్కిన్రట, గేటుకాడోళ్లు చూసిన్రట. పోలీసాయన బండేసుకొని వస్తున్నడు. చూడున్రి."

పోలీసాయన బైకు అప్పటికే కనబడుతోంది. అంతమ్మ లేచి చీర మడత పెట్టసాగింది. మడత సరిగా పడక మళ్లీ దులిపింది.

పోలీసాయన చిన్నవాడే, మూతి మీద మీసం ఇంకా పలచన. చేతిలో ఫోను సిద్ధంగా పట్టుకుని దిగాడు. "ఈమెనేనా మేడమ్? దొరికిందా? అవ్వా, ఇటు నిలబడు, వ్యాగన్ కనబడాలె. చెవులు పట్టుకో."

అంతమ్మ సంచి కింద పెట్టి, చేతులు చెవుల దాకా ఎత్తింది.

కృపాజ్యోతి లేచి ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది.

"ఫొటో వద్దు."

"గ్రూప్‌ల పెట్టాలె గద మేడమ్. నలుగురికి భయముంటది."

"ఆమె తప్పు చేసింది, పేరు రాస్కోన్రి. ఏం రాయాల్నో అంత రాస్కోన్రి. చెవులు పట్టిచ్చుడు ఏ రూల్‌ల ఉన్నది?"

"మీరే గద మేడమ్ అప్పుడు ఒగన్ని పట్టిచ్చిన్రు" అన్నాడతను, నిజంగానే అర్థం కాక.

"పట్టిచ్చిన. గా దినం గూడ అడగాల్సి ఉండె. అడగలే."

వాకీటాకీలోంచి జ్ఞానేశ్వర్, "ఏమైంది మేడమ్? దొరికిండా?" అన్నాడు.

కృపాజ్యోతి బొత్తాం నొక్కింది. ఈ మాట ఇంజనులో ఆయన ఒక్కడే వినడని ఆమెకు తెలుసు. స్టేషన్ మాస్టర్ వింటాడు, గేటు దగ్గరవాళ్లు వింటారు, వెనక వస్తున్న బండివాళ్లు కూడా వినవచ్చు. సాయంత్రానికి గ్రూపులోకి పోతుంది. అన్నీ తెలిసే చెప్పింది.

"దొరికింది సార్. ముడిమ్యాల అంతమ్మ, మనుమరాలికి నీళ్లు పోయనీకి పోతున్నది. పొద్దున ఐదింటిసంది నేను ఒంటికి పోక ఇక్కడ పడిపోతుంటె, ఆమె చీర అడ్డం పట్టింది. అది గూడ రాస్కోమనున్రి. గూడ్స్ ఎక్కిందని రాసిన కాగితం మీదనే రాయమనున్రి."

పోలీసాయన ఫోనును మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. మెయిన్ లైన్ మీద ఎక్స్‌ప్రెస్ వచ్చింది. ముగ్గురూ వెనక్కి జరిగారు. ఆ గాలికి అంతమ్మ తలగుడ్డ ఊడి భుజాల మీద పడింది, ఆమె నెరిసిన జుట్టు కనబడింది.

బండి చప్పుడు దూరమయ్యాక వాకీటాకీలో వేరే గొంతు వచ్చింది. స్టేషన్ మాస్టర్ మహేశ్వర్. "ఆయనకియ్యున్రి మేడమ్."

కృపాజ్యోతి వాకీటాకీని పోలీసాయనకు ఇచ్చింది.

"పేరు రాస్కో, మళ్ల ఎక్కొద్దని చెప్పు," అన్నాడు మహేశ్వర్. "చెప్పి, ఆమెను నీ బండి మీద బస్సు రోడ్డు దాక దింపు. ఇంకేం వద్దు."

"సార్, నాకు ఇక్కడ..."

"దింపిరా తమ్మీ."

పోలీసాయన కాగితం మీద పేరు, ఊరు రాసుకున్నాడు. తల వంచుకునే "ఎక్కు అవ్వా" అన్నాడు. కాసేపాగి, "సంచి నా ముందల పెట్టు, పడ్తది" అన్నాడు.

అంతమ్మ పోతూ పోతూ కృపాజ్యోతి చెంపలు రెండు చేతులతో తడిమి మెటికలు విరిచింది. కృపాజ్యోతి తన నంబరు చీటీ మీద రాసి ఆమె కొంగుకు ముడేసింది. "మళ్ల వ్యాగన్ ఎక్కనని చెప్పు అవ్వా. పైన తీగె తగిల్తె బూడిద గూడ దొరకది." అంతమ్మ ఎక్కననీ అనలేదు, ఎక్కుతాననీ అనలేదు. "పిల్ల మెడ నిలిచేదాక పోవాలె గద" అంది.

ఆ సాయంత్రం అనుకున్నట్టే ఎవరో గ్రూపులో వెటకారం రాశారు, గూడ్సు బండికి చీరల సర్వీసు వచ్చిందని. రెండు నవ్వే బొమ్మలు పడ్డాయి. మూడోది పడకముందే జ్ఞానేశ్వర్ రాశాడు: "నేను విన్న. నవ్వేటిది ఏం లేదు. నాకు ఇద్దరు ఆడపిల్లలున్నరు." ఆ రాత్రి మూడో బొమ్మ పడలేదు. మర్నాడు డ్యూటీలో బండి ఆగగానే ఆయనే స్టేషన్‌ను అడిగి, "మేడమ్, నలభై నిమిషాలట, పోయిరాన్రి, నేనున్న" అన్నాడు. అన్ని స్టేషన్లలోనూ టైం చెప్పేవాళ్లు దొరకరు. అందరు పైలట్లూ అడగరు. కానీ ఆ తర్వాత చాలా నెలలు ఆమె దవాఖానకు పోలేదు.

అంతమ్మ కలిసిన రోజు రాత్రి విమలమ్మ సంచి విప్పి ఖాళీ సీసా చూసి కూతురి వైపు చూసింది. కృపాజ్యోతి చాప మీద తల్లి పక్కన కూర్చుని, పది నెలల సంగతి అంతా చెప్పింది. నౌకరి మానెయ్యమని విమలమ్మ అనలేదు. చాలాసేపు కూతురి తల నిమురుతూ కూర్చుని, "ఆమె చేరిందో లేదో" అంది.

మూడోరోజు పొద్దున తెలియని నంబరునుంచి ఫోను వచ్చింది. అవతల నీళ్ల చప్పుడు, వాటి మీదుగా ఒక పసిపిల్ల గుక్కపట్టిన ఏడుపు.

"బిడ్డా, నేను అంతమ్మను," అంది అవ్వ. కూతురి ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నట్టుంది, మాట దూరంగా వినబడుతోంది. "ఇక్కడనే ఉండిపోయిన, నెల దాటేదాక కూలి బందు వెట్టిన. నీళ్లు పోస్తున్న. ఇగో ఇను, ఎట్ల మొత్తుకుంటదో. పానం గట్టి పిల్ల."

కృపాజ్యోతి ఫోను స్పీకర్‌లో పెట్టి తల్లి దగ్గరికి జరిగింది. ఇద్దరూ ఆ ఏడుపు ఆగేదాకా విన్నారు.