గోడ కింది చాంబరు

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు, ఊరందరి పైపులూ సరిచేసే మేస్త్రీ తన ఇంటి పైపు దగ్గరే తప్పు చేశాడు. తాగే నీళ్ల పైపూ మురుగు పైపూ అత్తాకోడళ్లలాంటివనీ, ఒకే గదిలో పడుకోబెట్టకూడదనీ పనికి పోయిన ప్రతి ఇంట్లోనూ చెప్పి నవ్వించేవాడు. తన ఇంటి దగ్గరకొచ్చేసరికి, నున్నగా చేయించుకున్న గచ్చు పగలగొట్టడానికి చేతులు రాక, వెనక వంటగదికి పోయే నీళ్ల పైపును మురుగు చాంబరులోంచే అడ్డంగా లాగేశాడు. ఇటుకలతో కట్టిన మోకాటి లోతు గొయ్యి అది. ఏడాదికి రెండుసార్లు మూత తీసి పూడిక ఎత్తిపోస్తే పైపుదాకా మురుగు రాదులే అనుకున్నాడు. ఎత్తిపోసినన్నాళ్లు రాలేదు కూడా.

ఆ వంటగది ఇప్పుడు తమ్ముడిది. తమ్ముడు దర్జీ. ఆరేళ్ల కిందట ఉమ్మడి ఇల్లు పంచుకున్నప్పుడు పెద్దమనుషులు పెరట్లో తాడు లాగి పట్టారు. తాడు సరిగ్గా చాంబరు మూత నడినెత్తిన పడింది. జానెడు అటు జరుపుదామంటే అన్న ఒప్పుకోలేదు, ఇటు జరుపుదామంటే తమ్ముడు ఒప్పుకోలేదు. కంపుకొట్టే గుంట కోసం మాగాణి గట్టు కోసం కొట్టుకున్నట్టు కొట్టుకున్నారు. చివరికి మూత మీదే గోడ లేచింది. ఇక దాన్ని తెరిచేవాడు లేడు.

దానికి నాలుగు రోజుల ముందే, చాంబరులోని నీళ్ల పైపు తుప్పుపట్టి చిల్లు పడితే మేస్త్రీ సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కట్టుతీగ బిగించాడు. ఆదివారం తీరిగ్గా కొత్త ముక్క వేద్దామనుకున్నాడు. ఆ ఆదివారమే తాపీవాళ్లు వచ్చారు. చెబుదామని మాట నోటిదాకా వచ్చింది. తమ్ముడు మొహం తిప్పుకున్నాడు. ఇతను మాట మింగేశాడు.

ఆరేళ్లుగా ఆ గోడ దాటి పలకరింపు లేదు, ఒక్క చిలకమ్మది తప్ప. చిలకమ్మంటే తమ్ముడి కూతురు, ఎనిమిదేళ్లది, ఒక్కతే సంతానం. వాగుడుకాయ కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. ఇంట్లో ఎవరూ చూడనప్పుడు బట్టలుతికే బండ ఎక్కి, గోడ మీద గడ్డం ఆనించి, "పెదనాన్నా" అని గుసగుసగా పిలిచేది. ఒకరోజు పొద్దున్నే అలాగే పిలిచింది.

"మా కుళాయికి దగ్గొచ్చింది పెదనాన్నా. దగ్గి దగ్గి అప్పుడు కక్కుతోంది నీళ్లు."

ఇంకొకడైతే నవ్వేవాడు. మేస్త్రీకి మాత్రం ఆ దగ్గు ఎక్కడిదో తెలుసు. నీళ్లు ఆగిపోయిన వేళ ఖాళీ పైపు చిల్లులోంచి చుట్టూ ఉన్నదాన్ని లోపలికి పీలుస్తుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ముందు ఆ గాలి దగ్గుతుంది, వెనకే ఆ పీల్చుకున్నది వస్తుంది. పైపు చుట్టూ ఉన్నదేమో ఆరేళ్ల పూడిక.

మొదటి రెండు బిందెలూ పారబోసి ఆ తర్వాత పట్టుకోమని వాళ్లమ్మతో చెప్పమన్నాడు. పిల్ల అతని మొహంలోకి కాసేపు చూసి, సరేనని దిగిపోయింది. తన వంతు తను చేశాననుకున్నాడు మేస్త్రీ.

పదకొండు రోజులకు చిలకమ్మకి జ్వరం, వాంతులు, విరేచనాలు. ఆసుపత్రిలో చేర్చిన ఆరో రోజున పోయింది. నీళ్ల వల్లే అన్నారు డాక్టర్లు. బడిలో మూతలేని డ్రమ్ము ఒకటి ఉంది కాబట్టి తప్పంతా దాని నెత్తిన పడింది. పాడె మోసినవాళ్లలో మేస్త్రీ కూడా ఉన్నాడు. నేను చెప్పాను కదా, వాళ్లు రెండు బిందెలు పారబోసే ఉంటారు కదా, అయితే ఇది ఆ పైపు పని కాదు కదా అని మూడు వారాలు ఆ 'కదా'లను పట్టుకుని వేలాడాడు.

ఆ తర్వాత మరదలు మంచాన పడింది. జ్వరం, వాంతులు, అచ్చం పిల్లకి వచ్చిన వరసే. ఆమెనూ ఆసుపత్రిలో చేర్చారు. ఆ రాత్రి మేస్త్రీ ఉండబట్టలేక భార్యతో అంతా చెప్పేశాడు. ఇప్పుడు నోరు విప్పితే పోయిన పిల్ల తిరిగి రాదనీ, ఉన్న నువ్వు మాత్రం హంతకుడివవుతావనీ అందామె.

తెల్లారి నీళ్లు వదిలే వేళకి మేస్త్రీ గోడ పక్కన నిలబడ్డాడు. అవతల కుళాయి దగ్గింది. వెంటనే సీసా నిండుతున్న చప్పుడు. పారబోసింది లేదు, ఆగింది లేదు. మేస్త్రీ ఇవతలి బండరాయి మీదికెక్కి చూశాడు. తమ్ముడు, గడ్డం మాసి, ఆసుపత్రికి నీళ్లు పట్టుకుపోతున్నాడు.

"ఆ నీళ్లు తీసుకెళ్లకు," అన్నాడు మేస్త్రీ. ఆరేళ్లలో మొదటి మాట. "చాంబరులో మన పైపు చిల్లు పడింది. మురుగు కలుస్తోంది."

తమ్ముడు సీసా ఎత్తి వెలుగుకు పెట్టి చూశాడు. బండ మీద వంచేసి, ఖాళీ సీసాతోనే వెళ్లిపోయాడు.

మేస్త్రీ సమ్మెట తీసుకుని గోడకు తగులుకున్నాడు. భార్య గడప మీద నిలబడి చూసింది గాని ఆపలేదు. మధ్యాహ్నానికి రెండు గజాల గోడ పడింది, మూత లేచింది. నల్లటి పూడిక అంచుదాకా ఉంది. తోడి పోయగా పోయగా పైపు తేలింది. ట్యూబు ముక్క కుళ్లి పీలికలైంది, తీగ మాత్రం బిగిసే ఉంది.

తమ్ముడు తిరిగొచ్చి గుంట అవతల నిలబడ్డాడు. ఆమెకి రెండు రోజులు గడిస్తే గాని చెప్పలేమన్నారట. ఎన్నాళ్లుగా ఆ నీళ్లు తాగుతున్నారని డాక్టరు అడిగాడట.

"నీకెప్పుడు తెలిసింది?"

ఇవాళే అనొచ్చు. గడప మీంచి భార్య చూపు కూడా అదే చెబుతోంది. ఆ ఒక్క మాటతో బతికిపోవచ్చు.

"పిల్ల చెప్పింది, కుళాయి దగ్గుతోందని. జ్వరం రావడానికి పదకొండు రోజుల ముందు."

"నువ్వేమన్నావ్?"

"రెండు బిందెలు పారబొయ్యమని అమ్మకి చెప్పమన్నా."

తమ్ముడు వంగి గుంటలోకి చూశాడు.

"అది చెప్పలేదు," అన్నాడు. "నీతో మాట్లాడితే కాళ్లు విరగ్గొడతానన్నా. ఎలా చెప్తుంది?"

కొట్టినా బాగుండేదనిపించింది మేస్త్రీకి. ఏం చేయాలో తోచక, చేతులకు తెలిసిన పనే చేయబోయాడు. ఇనుము కోసే ఆక్సా బ్లేడు తీసుకుని గుంటలోకి కాలు పెట్టాడు.

"దిగకు."

ఆగాడు.

"ఇంక నువ్వు ఆ పైపు మీద చెయ్యి వెయ్యొద్దు. ఎక్కడ కొయ్యాలో చెప్పు."

తమ్ముడు చొక్కా విప్పి మురుగులోకి దిగాడు. మేస్త్రీ అంచున గొంతుక్కూర్చుని, పైపును గుంటలో ఇటు చివరొకచోట, అటు చివరొకచోట కోసి తీసేయాలనీ, కొత్తది గోడ మీదుగా పైనుంచి రావాలనీ చెప్పాడు. బ్లేడు నిటారుగా పట్టమన్నాడు. ముందుకి తోసేటప్పుడే బలం పెట్టమన్నాడు. గుడ్డ కోసే చేతికి ఇనుము లొంగలేదు. రెండు బ్లేడులు విరిగాయి. మూడోది మేస్త్రీ తమ్ముడి చేతికందించబోయాడు.

తమ్ముడు చెయ్యి చాపలేదు.

"కింద పెట్టు," అన్నాడు. "నేను తీసుకుంటా."