కుడికి తిరిగే ముందు

బట్టలు ఆరేస్తుండగా ఆమె కుడిచెయ్యి మళ్లీ దానంతటదే పక్కకు చాచుకుంది. చేతిలోని తడిచొక్కా నీళ్లు వసారాలో కూర్చున్న అత్తగారి కాళ్ల మీద పడ్డాయి. గాల్లో ఆ సైగలేమిటని ఆవిడ విసుక్కుంది. సైకిల్ పాఠమని చెబితే, ఇంట్లో పని తక్కువైనట్టుందని కాళ్లు తుడుచుకుంది.

వారంగా ఆమెకు కుదురు లేదు. ఆమె టీచరుగా ఉన్న బడిలో రెండో తరగతి పిల్లలకు సైకిల్ జాగ్రత్తలు నేర్పే పని నిజానికి ఆటల మాస్టారిది. చిన్నపిల్లలకు ఓపికగా చెప్పడం ఆడవాళ్లకే చేతనవునని పొగిడి ఆయన చేతులు దులుపుకున్నాడు. పొగడ్తకు పడిపోయే వయసా ఇది? అయినా పడిపోయింది. తనకు సైకిల్ తొక్కడం రాదని మాత్రం నోరు విప్పలేదు. చిన్నప్పుడు మొహాన దెబ్బ తగిలితే ఎలాగని నాన్న ఎక్కనివ్వలేదు. పెళ్లయ్యాక, "నేను దింపుతాగా, నీకెందుకు?" అని భర్త తేల్చేశాడు. దింపుతాడు, నిజమే. సాయంత్రం ఆయన తీరిక చూసుకుని వచ్చేదాకా బడి గేటు దగ్గర కాళ్లు పీకేలా నిలబడటం ఆమె వంతు. తొమ్మిదేళ్లుగా స్కూటర్ మీద ఆమెకు కనిపించిన రోడ్డంతా ఆయన వీపే.

అందుకే పాఠమంతా పుస్తకం చూసి కంఠతా పట్టింది. హెల్మెట్ పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్లు పట్టాలి. తిరిగే ముందు ఆగి, వెనక్కి చూసుకుని, తిరిగేవైపు చెయ్యి చాపాలి. తొక్కుతుండగా ఎవరు పిలిచినా తల తిప్పకూడదు, తలతోపాటు హ్యాండిలూ తిరుగుతుంది. పిల్లల్ని వరుసగా నిలబెట్టి, ఎదురుగా తను నిలబడి సైగలు చేయించింది. ఇరవై రెండు చేతులు తన చెయ్యి ఉన్నవైపే లేస్తుంటే మురిసిపోయింది. ఎల్లుండి శనివారం వాళ్లంతా బడి వెనక రోడ్డు మీద తొక్కాలి.

ఆఖరి చొక్కాకు క్లిప్పు పెడుతుండగా సందులో కీచుమని బ్రేకు పడింది. ఆమె పరుగెత్తింది. అదే తరగతి చదువుతున్న కూతురు సైకిల్ మీద బిగుసుకుపోయి ఉంది. పాల వ్యాను రెండడుగుల దూరంలో ఆగింది. పాప ఎడమచెయ్యి చాపి కుడికి తిరిగిందని డ్రైవరు దిగొచ్చి చెప్పాడు.

పిల్లను దింపి, ఒళ్లంతా తడిమి చూసి, కుడికి తిరగాలంటే ఎలా చూపించాలని అడిగింది. పిల్ల ఎదురుగా నిలబడి, ఏమాత్రం తడబడకుండా, ఎడమచెయ్యి చాపింది.

"నువ్వు ఇటేగా చూపించావమ్మా."

ఆమె తన కుడిచెయ్యి చాపి చూసుకుంది. ఎదురుగా నిలబడ్డ తన కుడి వాళ్లకు ఎడమవైపు. అద్దంలో చూసినట్టు వాళ్లు అటే చాపారు. ఒక్కరోజైనా సైకిల్ నడిపిన మనిషైతే తొక్కే చూపించేది, ఈ తప్పు జరిగేది కాదు. ఇరవై రెండుమందీ ఇలాగే శనివారం రోడ్డెక్కబోతున్నారు.

విషయం విని భర్త ముందు పిల్లను దగ్గరికి తీసుకున్నాడు. తర్వాత నవ్వాడు. "రాని పని నేర్పడమేంటి? మాస్టారికి అప్పగించెయ్." ఆ మాటలో నిజం ఉన్నందుకు ఆమెకు ఇంకా ఒళ్లు మండింది.

మర్నాడు పొద్దున్నే బడిలో పిల్లలకు వీపు తిప్పి నిలబడి సైగలన్నీ మొదటినుంచీ చేయించింది. అయినా స్థిమితం చిక్కలేదు. అంతలో కిటికీలోంచి బడి ఊడ్చే ఆయమ్మ కనిపించింది. సైకిల్ ఆపి, వెనక్కి చూసి, కుడిచెయ్యి చాపి, నింపాదిగా గేట్లోకి తిరిగింది. రోజూ కనిపించేదే. ఇవాళే చూసింది.

"ఎన్నాళ్లుగా తొక్కుతున్నావు ఆయమ్మా?"

"పద్దెనిమిదేళ్లు టీచరమ్మా."

"మరి పిల్లలకు నేర్పుతానని ఒక్కసారీ అనలేదే?"

"నన్నెవరు అడిగారు?" అంది ఆయమ్మ, చీపురు అందుకుంటూ.

ఆమె తిన్నగా పెద్ద టీచరు గదికి వెళ్లింది. తనకు సైకిల్ రాదని, తప్పు నేర్పానని, రేపు పిల్లల ముందు ఆయమ్మ తొక్కుతుందని చెప్పింది. ఆయా పాఠం చెప్పడమేమిటని పెద్ద టీచరు మొహం ముడుచుకుంది.

"రోజూ చెబుతూనే ఉందండీ. మనమే చూడలేదు."

ఆ సాయంత్రం బడి ఖాళీ అయ్యాక ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని ఆయమ్మ సైకిల్ ఎక్కింది. ఆయమ్మ సీటు పట్టుకుంది. రెండుసార్లు పడింది. మూడోసారి చక్రం నాలుగు గజాలు ముందుకు సాగింది.

గేటు దగ్గర స్కూటర్ హారన్ మోగింది. మళ్లీ మోగింది. ఎంతసేపని భర్త గొంతెత్తి పిలిచాడు. తొమ్మిదేళ్ల అలవాటు మెడను అటు లాగింది.

ఆమె తల తిప్పలేదు.